కొస పోగులు

గంగారాంకు అనుమానం పుట్టుకతో రాలేదు, కొలువుతో వచ్చింది అంటుంది ఆయన భార్య బాలవ్వ. నిజమే అయ్యుండాలి. సూరత్ దగ్గరి కడోదరాలో హైవే పక్కనున్న ఒక మిల్లులో ఆయన ఇరవై రెండేళ్లుగా గుడ్డ చెకింగ్ చేస్తున్నాడు. ఒక ఏటవాలు బల్ల, దాని కింద ట్యూబులైట్లు, ఆ వెలుగు మీదుగా జారుతూ పోయే గుడ్డ. అందులో తప్పు పట్టుకోవడమే ఆయన పని. పడుగులో పోగు తెగిందా, పేక తప్పిందా, నూనె మరక పడిందా అని చూడాలి. తప్పు దొరికినచోట అంచుకు ఎర్ర దారం ముడి వేసి, పక్కన ఆ గుడ్డ నేసిన మగ్గం నంబరు రాయాలి. ఆ నంబరు చూసి సేఠ్ ఎవరిని తిట్టాలో వాళ్లను తిడతాడు. పన్నెండు గంటలు తప్పులే వెతికిన మనిషి ఇంటికొచ్చి ఒప్పులు చూస్తాడా?

చూడడు. పాలు పోయించుకుని వేలు ముంచి చూస్తాడు. కూరగాయల బండి దగ్గర తక్కెడ వంక చూడడు, తక్కెడ పట్టుకున్న చేతి వంక చూస్తాడు. ఒకసారి బావమరిది లింగం గుడికి పోతున్నానంటే నమ్మబుద్ధి కాక వెనకాలే నడిచి వెళ్లాడు. తిరిగొచ్చాక బాలవ్వ ఏమైందని అడిగితే, "గుడికే పోయిండు. ఎందుకు పోయిండో మరి" అన్నాడు. ఈ మాట వాళ్లుండే నవాగామ్‌లో మన తెలుగు నేతవాళ్ల గల్లీలన్నీ తిరిగి, ఇప్పటికీ ఎవరైనా గుడికి బయలుదేరితే దాన్నే అని నవ్వుకుంటారు. గంగారాం మాత్రం నవ్వడు. ఎందుకు నవ్వుతున్నారా అని చూస్తాడు.

అలాంటి మనిషికి కూతురు సంధ్యారాణి వచ్చి కొత్త పని దొరికిందని చెప్పింది. సిరిసిల్ల పక్క పల్లె నుంచి వచ్చిన ఆ కుటుంబంలో ఇంగ్లీషు బి.ఏ. చదివింది ఆ పిల్లే. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, కాలేజీలో గుజరాతీ, ఎక్కడికక్కడ నాలుక మార్చుకుంటుంది. పని నది అవతల అడాజన్‌లో, హంసాబెన్ అనే రిటైరైన టీచరమ్మ ఇంట్లో. నాలుగు వందల ఏళ్ల కింద వ్యాపారానికి ఈ సూరత్‌కు వచ్చిన ఇంగ్లీషువాళ్లు తమ దేశానికి ఉత్తరాలు రాసేవాళ్లట. ఆ ఉత్తరాల్లోని మాటలు చాలా వరకు ఇప్పుడు ఇంగ్లీషువాళ్లకే తెలియవట. ఆమె వాటిని ఏరి నిఘంటువు తయారుచేస్తోంది. మాటకొక కార్డు. పైన మాట, నడుమ అది వచ్చిన వాక్యం, కింద అర్థం. ఆ కార్డులు రాయడం సంధ్య పని.

"అంటే ఎవలు మాట్లాడని మాటలా?" అని అడిగాడు గంగారాం.

"అవు బాపు. మూటను ఫార్డెల్ అనేటోళ్లంట. 'నడుమ' అనేదానికి బిట్విక్స్ట్ అని రాసిండ్రు. మస్తు గమ్మత్తుంటయి."

"మాట్లాడినోళ్లు సచ్చిపోయిండ్రు. మాటలు సచ్చిపోయినయి. మరి వాటికోసం నీకు నెలనెల జీతమెందుకిస్తది? ఆమెకేం లాభం?"

"లాభం గిట్ల ఏం లేదు. ఆమెకు ఇష్టం."

గంగారాంకు అక్కడే ముల్లు గుచ్చుకుంది. లాభం లేకుండా ఎవరైనా పని చేస్తున్నారంటే ఆ లాభం మనకు కనబడకుండా దాచారని ఆయన లెక్క. కానీ పిల్ల ముఖం చూస్తే వెలిగిపోతోంది. అప్పటికి ఊరుకున్నాడు. ఊరుకోవడం అంటే ఆయన భాషలో కాచుకుని కూర్చోవడం.

రెండు నెలలు కాచుకున్నాక, ఒక గురువారం పొద్దున సంధ్య బ్యాగులోంచి ఒక కార్డు జారి గడప దగ్గర పడింది. ఆ పిల్ల చూసుకోకుండా బస్సుకు పరిగెత్తింది. గంగారాం దాన్ని తీసి చొక్కా జేబులో పెట్టుకుని మిల్లుకు వెళ్లాడు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలడు కానీ అర్థం పట్టుబడదు. టీ టైములో ఆఫీసు కంప్యూటర్ దగ్గర కూర్చునే చిరంజీవికి చూపించాడు. చిరంజీవి ఆ మాటను ఫోన్‌లో కొట్టి చూశాడు.

"కాకా, గిది పాతకాలపు మాటనంట. మోసం చేసుడు, నమ్మిచ్చి ముంచుడు అని వస్తుంది. ఏడికెల్లి తెచ్చినవ్?"

"రోడ్డు మీద దొరికింది. కింద ఇంకేం రాసుంది?"

చిరంజీవి తంటాలు పడి ఆ వాక్యాన్ని విడదీశాడు. "నేతోళ్లు మనల్ని మోసం చేస్తున్నరు అని ఉన్నట్టుంది. కొలతల మోసమంట."

గంగారాం చేతిలోని టీ చల్లారిపోయింది. నేతోళ్లా? మోసమా? కొలతలోనా? నాలుగు వందల ఏళ్ల కింద చచ్చినవాడికి నేతోళ్ల కొలతలతో ఏం పని? ఆలోచించిన కొద్దీ ఆయనకు అంతా తేటతెల్లమైపోయింది. ఉత్తరాలూ లేవు, నిఘంటువూ లేదు. మిల్లు సేఠ్‌లెవరో ఆ ముసలమ్మను ముందు పెట్టి, మగ్గాల మీద పనిచేసే మనవాళ్ల తప్పుల చిట్టా రాయిస్తున్నారు. మనవాళ్లకు అర్థం కాకూడదని పాత మాటల్లో రాయిస్తున్నారు. రాస్తున్నది ఎవరు? నేతవాడి బిడ్డ. రేపు ఈ సంగతి బయటపడితే గల్లీలో తలెత్తుకు తిరగగలమా?

రేపు సేఠ్ తిట్టాల్సిన మగ్గం నంబర్లు తాను కూడా ఇరవై రెండేళ్లుగా రాస్తూనే ఉన్నాడన్న ఆలోచన మాత్రం ఆయనకు రాలేదు. మనుషులు తమ బల్ల మీద తాము పడుకుని చూసుకోరు కదా.

సాయంత్రం కార్డును గుట్టుచప్పుడు కాకుండా బ్యాగులో పెట్టేశాడు. మరునాడు అన్నం తింటూ, ఏమీ ఎరగనట్టు అడిగాడు.

"సంధ్యా, ఆ హంసాబెన్ ఇంటాయన ఏం చేస్తడు?"

"ఆయన లేడు బాపు. పోయి ఎనిమిదేండ్లాయె. వాళ్ల తాతల కాలంల బట్టల దలాలీ చేసేటోళ్లంట."

దలాలీ! గంగారాం ముద్ద చేతిలోనే ఆగింది. బాలవ్వ ఆయన వంక చూసి, "ఏందయ్యా, అన్నంల రాయొచ్చిందా?" అంది.

శనివారం సాయంత్రం సంధ్య ఎప్పటిలా బ్యాగును మేకుకు తగిలించలేదు. రెండు చేతులతో పట్టుకుని తెచ్చి జాగ్రత్తగా బీరువా మీద పెట్టింది. తర్వాత తండ్రి పక్కన కూర్చుని, "బాపు, రేపు నీకు ఛుట్టి గద. నీతోని జర పనుంది" అంది.

"ఏం పని?"

"రేపు చెప్త." పిల్ల నవ్వింది.

ఆ నవ్వు కూడా ఆయనకు నచ్చలేదు. ఏం పని? ఏ కాయితం మీదైనా సంతకం పెట్టమంటుందా? నేతోళ్ల పేర్లు చెప్పమంటుందా? రేపటి దాకా ఆగితే సంగతేంటో పిల్లే చెబుతుంది కదా అని మీరూ నేనూ అనుకుంటాం. గంగారాం ఆగలేడు. గుడ్డ తనంతట తాను తన తప్పు చెప్పగా ఆయన ఎన్నడూ వినలేదు.

ఆదివారం పొద్దున సంధ్య కూరగాయలకని దిండోలి వైపు వెళ్లింది. బాలవ్వ గదిలో చాప మీద కూర్చుని ధాగా కటింగ్ చేస్తోంది. మార్కెట్ నుంచి చీరల మూటలు ఇళ్లకు వస్తాయి, చీర వెనకవైపు వేలాడే దారాలన్నీ ఆడవాళ్లు కత్తిరించి శుభ్రంగా మడతపెట్టి ఇస్తారు. కోసిన దారాలు పక్కనున్న గోనెసంచిలోకి పోతాయి. ఆదివారాల్లో గంగారాం కూడా ఎదురుగా కూర్చుని నాలుగు చీరలు లాగించడం ఆ ఇంటి అలవాటు. ఆ రోజు ఆయన కటర్ వేళ్లకు తగిలించుకున్నాడు కానీ చీర తీసుకోలేదు. లేచి, బీరువా మీది బ్యాగు దించాడు.

"అది పిల్ల సంచి" అంది బాలవ్వ తల ఎత్తకుండానే.

"నాకు తెల్వదా?"

బ్యాగులో కార్డుల కట్ట ఉంది. దాని అడుగున పాత కాగితంలో పొందికగా చుట్టిన గుడ్డ ముక్క ఉంది. గంగారాం దాన్ని ఒళ్లో పరిచాడు. మూరెడు పొడవు, రంగు వేయని నూలు. వేలితో రాయగానే తెలిసింది, చేత్తో వడికిన నూలు, చేమగ్గం మీద నేసిన నేత. ఇలాంటి గుడ్డ ముట్టుకుని ఎన్నేళ్లయింది! ఇది ఆ ముసలమ్మ ఇంట్లోది అయ్యుంటుంది. దలాలీ ఇంటి గుడ్డ. పిల్ల చేతికి ఎందుకిచ్చింది? ఇచ్చి ఏం అడగమంది? గంగారాం కళ్లు గుడ్డ మీద ఉన్నాయి కానీ మనసు అడాజన్‌లో ఉంది. ముడిపడని ప్రశ్నలు ఒకదాని మీద ఒకటి వేసుకుంటూ కూర్చున్నాడు. గుడ్డకు ఒక కొసన జానెడు పొడవున నేయని పోగులు వేలాడుతున్నాయి. చేతులు వాటి పని అవి చేశాయి. కటర్ టిక్కుటిక్కుమంటూ ఈ అంచు నుంచి ఆ అంచుకు నడిచింది. పోగులు రాలి చీర దారాల్లో కలిశాయి. కొసను అరచేత్తో సాపు చేసి, సరిగ్గా వచ్చిందని కూడా అనుకుని, మునుపటి మడతల్లోనే మడిచి, కాగితంలో చుట్టి, బ్యాగు బీరువా మీద పెట్టేశాడు. బాలవ్వ ఆయన్నీ గోనెసంచినీ ఒకసారి చూసి మళ్లీ చీర అందుకుంది.

సంధ్య వచ్చి టీ పెట్టి తండ్రికి ఒక గ్లాసు ఇచ్చి, తనే బ్యాగు దించుకుని ఎదురుగా కూర్చుంది. ముందు ఒక కార్డు తీసింది.

"బాపు, ఈ మాట చూడు. థ్రమ్. ఒక ఇంగ్లీషు దొర రాసిన ఉత్తరంల ఉంది. ఏమంటడంటే, నేతోళ్లు ప్రతి తాను కొసకు జానెడు పోగులు నేయకుండ ఇడుస్తున్నరు, గట్ల మనల్ని కొలతల ముంచుతున్నరు అంటడు. హంసాబెన్ ఈ కార్డు కింద, మోసానికి వదిలే పోగులు అని రాయవోయింది. నేను ఆగుమన్న. మా తాతలు చేమగ్గం నేసినోళ్లు, మా బాపుకు తెలుస్తది, అడిగొస్త అన్న."

గురువారం తన జేబులో ఉన్న కార్డు మీది వాక్యం ఇదేనని తెలిసి గంగారాం గ్లాసు కింద పెట్టాడు.

"ఆమె ఇంట్ల అట్లాంటి పోగులున్న గుడ్డ ఒక్కటే మిగిలింది. వాళ్ల తాతలనాటిది. ఎవలికీ ఇయ్యదు బాపు. నీకు చూపెట్టుమని నా చేతుల పెట్టింది. రేపు పట్టుకపోవాలె."

పిల్ల కాగితం విప్పి గుడ్డ పరిచింది. ఒక కొస చూసింది. తిప్పి రెండో కొస చూసింది. కాగితం దులిపింది. బ్యాగు బోర్లించింది. కార్డులన్నీ చాప మీద చెల్లాచెదురయ్యాయి.

"నిన్న ఉండె" అంది. "నిన్న నేను చూసిన. బాపు, నిన్న ఉండె. ఆమె నేనే కోసిన్నంటది. రేపు నన్ను ఇంట్లకే రానియ్యదు."

"బస్సుల ఊడిపోయినయేమో" అన్నాడు గంగారాం.

ఆ మాట ఆయన నోట్లోంచే వచ్చింది. నేసిన గుడ్డ కొస పోగులు బస్సు కుదుపుకు ఊడవని ఇరవై రెండేళ్ల చెకర్‌కు తెలియదా? తెలుసు. సంధ్య మాత్రం నమ్మింది. "సంచిని గట్టిగ పట్టుకోకపోతి" అంటూ తన నెత్తిన తానే కొట్టుకుంది. ఇన్నేళ్లలో ఆయన ఈ పిల్ల చెప్పిన ఒక్క మాటనైనా ఇలా నమ్మాడా?

బాలవ్వ కూర్చున్నచోటి నుంచే కాలితో గోనెసంచిని మెల్లగా ఆయన వైపు జరిపింది.

"నేనే కోసిన బిడ్డా" అన్నాడు.

సంధ్య ఆయన వైపు తిరిగింది. గుడ్డ గురించి అడుగుతుందనుకున్నాడు. అడగలేదు.

"నా బ్యాగెందుకు తీసినవ్ బాపు?"

"చూద్దామని."

"ఏం చూద్దామని?"

గంగారాంకు దొరికిన జవాబల్లా సిగ్గుచేటుగా ఉంది. గోనెసంచిని చాప మీద బోర్లించి, ఆ దారాల కుప్ప ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. చీర దారాలు పాలిస్టర్, మెరుస్తాయి, వేళ్ల మధ్య జారిపోతాయి. నూలు పోగు వేలిని పట్టుకుంటుంది. ఒక్కొక్కటే ఏరుతూ పోయాడు. సంధ్య సాయం రాలేదు, ఎదురుగా మోకాళ్లకు గడ్డం ఆనించుకుని కూర్చుంది. మధ్యాహ్నం అన్నం వేళ దాటాక కుప్ప అడుగంటింది. ఆయన పక్కన కాగితం మీద నూలు పోగులు దొంతరగా తేలాయి.

అప్పుడు ఆయనకు ఒక దారి తోచింది. ఆయన తల్లి, మగ్గం మీద అయిపోయిన పడుగుకు కొత్త పడుగును పోగు పోగుకూ మెలిపెట్టి అతికేది, బూడిద అద్దుకున్న వేళ్లతో. ఆ విద్య ఆయన వేళ్లకూ వచ్చు. అతికిన చోటు మామూలు కంటికి ఆనదు.

"ఇయ్యన్ని మల్ల అతుకుత బిడ్డా. పొద్దుగూకెవరకు అయిపోతది. ఆమెకు తెల్వనే తెల్వది."

"తెల్వకుండ చేస్తే ఆ దొర రాసిందే నిజమైతది గద బాపు" అంది సంధ్య.

సోమవారం గంగారాం మిల్లుకు నాగా పెట్టాడు. తాపీ నది దాటి, బస్సు దిగి, అడాజన్‌లో ఒక అపార్టుమెంటు సొసైటీలో మూడో అంతస్తు. లిఫ్టును నమ్మక మెట్లెక్కాడు. హంసాబెన్ పొట్టి మనిషి, కళ్లద్దాలు మెడలో తాడుకు వేలాడుతున్నాయి. సేఠ్‌ల ఏజెంటులా కనిపించలేదు. ఇల్లంతా కార్డుల పెట్టెలు. గంగారాం చెప్పుల దగ్గరే నిలబడి, దారి పొడవునా తయారుచేసుకున్న హిందీలో జరిగింది జరిగినట్టు చెప్పాడు. పిల్ల బ్యాగు దొంగతనంగా తీశానన్న మాట కూడా చెప్పాడు.

హంసాబెన్ గుడ్డను ఒళ్లో పెట్టుకుని, కోసిన అంచు వెంట వేలు పోనిచ్చింది. "సంధ్యా, నిన్ను నమ్మి ఇచ్చాను" అంది. ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే గంగారాంకు తేలికగా ఉండేది.

"పిల్ల తప్పు లేదు బెన్. తప్పు నాది. ఇంకొక్క మాట చెప్పిపోత" అని ఏరిన పోగుల పొట్లం విప్పాడు. "మా నాయిన చేమగ్గం నేసెటోడు. తాను అయినంక కొసకు జానెడు పోగులు ఇడిసేటోడు. ఎందుకంటే, ఆ పోగులుంటే తాను నిండుగ ఉన్నట్టు. నడుమల ఎవడన్న కొసకెల్లి మూరెడు కోసుకున్నడనుకో, ముందు పొయ్యేటియి ఈ పోగులే. కొనేటోడు కొస చూస్తడు, పోగులుంటే కొలవకుండ తీసుకుంటడు. ఇది మోసం చేసుడు కాదు బెన్. మేం మోసం చేయలేదని చూపెట్టుడు."

హంసాబెన్ కళ్లద్దాలు పెట్టుకుని పోగులను చూసింది, ఆయన్నూ చూసింది. "అంటే, ఆ ఉత్తరం రాసిన మనిషి నమ్మడానికని వదిలినదే ఆయనకు మోసంలా కనబడింది."

"కనబడతది. మోసం ఉంటదనుకుని చూసెటోనికి..." అంటూ గంగారాం సంధ్య వైపు తిరిగి, మిగతా మాట మింగేశాడు. పిల్ల అక్కడ కింద చూస్తూ నిలబడి ఉంది.

అలవాటుగా జేబులోకి వెళ్లిన చేతికి ఎర్ర దారం తగిలింది. ఆమెను అడిగి గుడ్డ తీసుకుని, కోసినచోట అంచుకు ఒక ముడి వేశాడు. "మా మిల్లుల తప్పున్నకాడ గిట్ల కడతం. పక్కన మగ్గం నంబరు రాస్తం, ఎవలిదో తెలువాలె గద."

"దీని పక్కన ఏ నంబరు రాయాలి?" అంది హంసాబెన్.

గంగారాం ఆమె బల్ల మీది పెన్ను తీసుకున్నాడు. గుడ్డ చుట్టిన కాగితం మీద తెలుగులో తన పేరు రాసి, తేదీ వేశాడు.

హంసాబెన్ సంధ్యను పనిలోంచి తీసేయలేదు. గుడ్డను మాత్రం ఇక గడప దాటనివ్వనని చెప్పి బీరువాలో పెట్టి తాళం వేసింది. థ్రమ్ అన్న కార్డు కింద, 'తాను నిండుగా ఉందనేందుకు నేతగాళ్లు వదిలే కొస పోగులు; ఉత్తరం రాసిన మనిషి పొరబడ్డాడు' అని సంధ్య చేత రాయించింది. చెప్పినవారు గంగారాం అని కూడా రాయించింది. ఆయన దాన్ని చూడకుండానే మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం సంధ్య ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంది. బ్యాగును మేకుకూ తగిలించలేదు, బీరువా మీదా పెట్టలేదు. తెచ్చి తండ్రి ముందు చాప మీద పెట్టి జిప్పు తీసింది. టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా, బస్సు కార్డు, చున్నీ, రాయని కార్డుల కట్ట. ఒక్కొక్కటే తీసి వరసగా ఆయన ముందు పేర్చింది. బ్యాగు తిరగేసి దులిపి, ఖాళీ అయిందని చూపించింది.

"చూసుకో బాపు. ఇగ రోజూ నేనే చూపెడత. నేను లేనప్పుడు మాత్రం తీయకు."

పిల్ల గొంతులో కోపం లేదు. బాలవ్వ చీర పక్కన పెట్టి ఇటు చూస్తోంది. ఎదురుగా పరిచిన దేన్నైనా ఇరవై రెండేళ్లుగా వదలకుండా చూసిన మనిషి, ఆ వరస వైపు తల ఎత్తలేకపోయాడు.

"ఒద్దు బిడ్డా" అన్నాడు. తల వంచుకునే, తడుముకుంటూ, డబ్బా, సీసా, చున్నీ మళ్లీ లోపల పెట్టాడు. జిప్పు సగంలో పట్టేసింది. సంధ్య వంగి, ఆయన వేళ్ల మీద వేళ్లు వేసి, దాన్ని మూసింది.